షిఫ్రా, పూయాల బడి



నిర్గమకాండము మొదటి అధ్యాయములో ఒక విచిత్రమున్నది. ఐగుప్తును ఏలిన ఆ ఫరో పేరేమిటో అక్కడ వ్రాయబడలేదు. అంతటి రాజు పేరు విడిచిపెట్టి, ఇద్దరు మంత్రసానుల పేర్లు మాత్రము వ్రాయబడినవి. షిఫ్రా, పూయా. మగబిడ్డలను పురిటిలోనే చంపవలెనని రాజు ఆజ్ఞాపించినప్పుడు వారు దేవునికి భయపడి, ఆ ఆజ్ఞను ప్రక్కన పెట్టారు. రాజు పిలిపించి గద్దించినప్పుడు కూడా తడుముకొనక జవాబు చెప్పారు. ఈ వాక్యభాగము మీద ప్రసంగములు మనము చాలా విన్నాము. అయితే వాటిలో ఎక్కువ భాగము మోషే పుట్టుక దగ్గరకు త్వరత్వరగా వెళ్ళిపోవును. మంత్రసానుల యొద్ద ఆగువారు తక్కువ. ఈ నెల వారి యొద్ద కొంతసేపు ఆగుదము. కారణమేమనగా, ఆ పనిని నేర్పే బడి ఒకటి మా సంఘమునకు ఎంతో దూరములో లేదు. ఆ బడిలో జరుగుచున్న పని పల్లెలలో ఉన్న మీ కోడళ్ళకు, కుమార్తెలకు సంబంధించినది.

ముందుగా రెండు లెక్కలు చూతము.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇంచుమించు అంతే. మన అవ్వల కాలములో పురిటికి వెళ్ళిన స్త్రీ తిరిగి వచ్చువరకు ఇంటిల్లిపాదీ ఊపిరి బిగపట్టుకొని కూర్చునేవారు. ఇప్పుడు ఆ భయము చాలా తగ్గినది. 2018–20 ప్రభుత్వ లెక్కలలో, సజీవముగా పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు కాన్పు కారణముగా చనిపోయిన తల్లులు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. దేశమంతటి సగటు 97. దేవునికి స్తోత్రము. ఇది చిన్న మేలు కాదు.

రెండవ లెక్క అదే సర్వేలోనిది. తెలంగాణలో పుట్టిన ప్రతి 100 మంది బిడ్డలలో దాదాపు 61 మంది పెద్దాపరేషన్ ద్వారా పుట్టారు. ప్రైవేటు ఆసుపత్రులలో ఈ సంఖ్య 81కి పైన. సర్కారు ఆసుపత్రులలో 44కి పైన. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తము మీద 42. దేశమంతటి సగటు చూస్తే 21.5 మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే నూటికి 10 నుండి 15 వరకు చాలునని చెప్పింది. 2015లో మళ్ళీ పరిశీలించి, ఒక ప్రాంతములో నూటికి 10 దాటిన తరువాత ఆపరేషన్లు ఇంకా పెరిగినందువలన తల్లీబిడ్డల మరణములు మరింత తగ్గినట్లు కనబడలేదని తెలిపింది.

ఆపరేషన్ చెడ్డదని మేము చెప్పుట లేదు. బిడ్డ అడ్డము తిరిగినప్పుడు, మాయ దారికి అడ్డుపడినప్పుడు, బిడ్డ గుండె చప్పుడు పడిపోవుచున్నప్పుడు ఆ కత్తియే దేవుని కృప. ఆ విధముగా బ్రతికి బయటపడిన తల్లులు మా సంఘములో అనేకులు ఉన్నారు. అయితే తెలంగాణ స్త్రీల శరీరములు మిగతా దేశపు స్త్రీల కంటె మూడంతలు బలహీనముగా ఉన్నవా? అట్లు ఎవరునూ చెప్పలేరు.

పల్లెలో కూలి చేసుకొను ఇంట పెద్దాపరేషన్ అంటే ఏమిటో మీకు మేము చెప్పనక్కర లేదు. ప్రైవేటులో అయితే అప్పు. ఎక్కడైనా సరే కొన్ని నెలలు బరువు ఎత్తరాదు, నాట్లకు వంగరాదు. మొదటిది ఆపరేషన్ అయితే రెండవది కూడా ఆపరేషనే అవుట ఎక్కువ. ఆ పాత కుట్ల మీద తరువాతి మాయ అతుక్కొనిపోయే ప్రమాదము ప్రతి ఆపరేషన్‌తో పెరుగును. ఇది వైద్యులందరు ఎరిగిన సంగతి.

ఎందుకు ఇన్ని ఆపరేషన్లు అని అడిగితే ఒక్కరి మీద వేలు చూపుట సులభము. డబ్బు ఆశ ఉన్నది, కాదనము. అయితే నొప్పులు భరించలేక, "కోసేయండి డాక్టరమ్మా, మా పిల్ల చచ్చిపోయేలా ఉంది" అని కాళ్ళా వేళ్ళా పడుచున్న తల్లులూ ఉన్నారు. ఏదైనా జరిగితే ఆసుపత్రి అద్దములు పగులగొట్టు బంధువులు ఉన్నారు. ముహూర్తము పెట్టించుకొని వచ్చి, ఆ గడియకే బిడ్డను బయటకు తీయుమను వారున్నారు. మనము ముహూర్తములు చూడము గదా అని సంతోషించనక్కర లేదు. క్రిస్మసు రోజున పుట్టాలని, పెండ్లిరోజున పుట్టాలని తేదీ అడుగుచున్న విశ్వాసులు కూడా ఉన్నారట. పేరు వేరు గాని పని ఒక్కటే.

వీటన్నిటి వెనుక ఉన్న అసలు కొరత మరొకటి అని మా అభిప్రాయము. తొలి కాన్పు నొప్పులు పది పన్నెండు గంటలైనా ఉండవచ్చును. అంతసేపు ఆ తల్లి ప్రక్కన కూర్చుండువారు ఎవరు? ఒక్క డాక్టరమ్మ ఓ.పి. చూచుకొనుచు, వార్డు చూచుకొనుచు, ఆపరేషన్లు చేసికొనుచు అంతసేపు కూర్చుండలేదు. ఆ కుర్చీ ఖాళీగా ఉన్నది. ఖాళీ కుర్చీని గడియారము, సెలైను సీసా, చివరకు కత్తి ఆక్రమించినవి.

జిల్లా ఆసుపత్రిలో చాలా ఏండ్లు పని చేసి రిటైరైన నర్సమ్మ ఒకరు మా సంఘ సభ్యురాలు. ఈ సంగతి ఆమెతో మాట్లాడినప్పుడు ఆమె, "అయ్యగారూ, మేం ట్రైనింగులో ఉన్నప్పుడు కాన్పు మా చేతులతోనే చేయించేవారు. పెద్ద సిస్టరు వెనకాల నిలబడి చూసేది. తర్వాత తర్వాత డాక్టరు చేతికి ట్రే అందించడమే మా పనైపోయింది. చేతికొచ్చిన విద్య చేతిలోనే ఎండిపోయింది" అని చెప్పింది. ఆమె మాటలలో కోపము లేదు, అలసట ఉన్నది.

బొగ్గులకుంటలో ఒక ప్రయత్నము

మా సంఘము చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల మధ్య పరిచర్య చేయుచున్నది. నారాయణగూడ చౌరస్తా నుండి కింగ్ కోఠి మీదుగా వెళ్ళితే బొగ్గులకుంట వచ్చును. అక్కడ 1948లో ఫెర్నాండెజ్ దంపతులు రెండు పడకలతో ఒక కాన్పుల ఆసుపత్రి ఆరంభించారు. అది పెరిగి పెద్దదై నగరములో పలు చోట్ల శాఖలు గలదైనది. వారు మన సంఘముల వారు కారు, కథోలిక కుటుంబము. అయినను మంచిపని ఎక్కడ ఉన్నా గుర్తించవలెను. వారి కుమార్తె డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ తానే కాన్పుల డాక్టరై యుండి, సాధారణ కాన్పునకు డాక్టరు అవసరము లేదు, బాగుగా నేర్చిన మిడ్‌వైఫ్ చాలునని బహిరంగముగా చెప్పసాగారు. డాక్టరు నోట ఈ మాట వచ్చుట తేలిక కాదు. 2011లో ఆ ఆసుపత్రి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ఆరంభించింది. ఈ విద్య తమ దేశములో ఎన్నడూ ఆగిపోని బ్రిటన్ నుండి మిడ్‌వైఫ్‌లు వచ్చి నేర్పారు.

ఈ శిక్షణలో నేర్పునది ఏమిటి? వినుటకు చాలా మామూలుగా ఉండును. నొప్పుల తల్లిని మంచము మీద వెల్లకిల పడవేయక, నడవనిచ్చుట. గొంతుక కూర్చుందునన్నా, మోకాళ్ళ మీద వంగుదునన్నా ఒప్పుకొనుట. తల్లినో భర్తనో ప్రక్కన ఉండనిచ్చుట. త్రాగుటకు నీళ్ళు ఇచ్చుట. అవసరము లేకుండ నొప్పుల సూది ఎక్కించకుండుట, అవసరము లేకుండ కోత పెట్టకుండుట. అరగంటకొకసారి బిడ్డ గుండె చప్పుడు విని, నాలుగు గంటలకొకసారి దారి ఎంత తెరచుకొన్నదో చూచి, పార్టోగ్రాఫ్ అనే గళ్ళ కాగితము మీద గుర్తు పెట్టుట. ఆ గీత దారి తప్పుచున్నదని కనబడిన క్షణములో డాక్టరును పిలుచుట. బిడ్డ పుట్టగానే తుడిచి తల్లి రొమ్ము మీద పరుండబెట్టుట. కాన్పు తరువాత రక్తము ఆగకపోతే ఏ నిమిషములో ఏమి చేయవలెనో చేతులకు అలవాటు చేయుట.

నీళ్ళిచ్చుట, నడిపించుట మన ముత్తవ్వలకు తెలిసినవే గదా అని మీరందురు. నిజమే. మన ఊళ్ళలో మంత్రసాని పని ఎవరిది? కొన్ని ఊళ్ళలో మంగలి ఇంటి స్త్రీది, చాలా ఊళ్ళలో మన వాడల స్త్రీలది. పురిటి మైల అని తక్కినవారు అంటని రక్తమును వారు అంటారు. ఊరి పెద్దల బిడ్డలందరినీ మొదట ఎత్తుకొన్నది ఆ చేతులే. పురుడు ముగిసిన తరువాత ఆ చేతులనే వాకిట నిలువబెట్టారు. వారికి ఓర్పు ఉన్నది, చేతివాటము ఉన్నది. శుభ్రమైన బ్లేడు లేదు, రక్తము ఆపు మందు లేదు, డాక్టరును పిలుచుటకు దారి లేదు. అందువలన అనేకులు చనిపోయారు. ఆసుపత్రులు వచ్చి ఆ మరణములను ఆపినవి గాని ఆ ఓర్పును కూడ పారవేసినవి. ఇప్పుడు ఈ బడి చేయుచున్నది ఈ రెంటిని ఒక్కరి చేతిలో పెట్టుట.

2017లో తెలంగాణ ప్రభుత్వము, యూనిసెఫ్, ఈ ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలసి కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలో 30 మంది సర్కారు నర్సులకు 18 నెలల శిక్షణ ఆరంభించినవి. శిక్షణ ముగిసిన తరువాత వారు ప్రభుత్వ ఆసుపత్రులలోని కాన్పు గదులకు వెళ్ళారు. కేంద్ర ప్రభుత్వము దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకములు విడుదల చేసినది 2018 డిసెంబరులో, అంటే ఏడాది తరువాత. నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అని ఆ క్రొత్త ఉద్యోగమునకు పేరు. ఢిల్లీలో కాగితము మీదికి రాకముందే కరీంనగర్‌లో పని మొదలైనది.

ఒక పల్లెటూరి పాస్టరు ఆరంభించిన బడి

నర్సు విద్యకు, సంఘమునకు ఏమి సంబంధమని యువతీ యువకులు అడుగుదురు. ఈ విద్యకు ఆధునిక రూపము ఇచ్చినవారిలో మొదటివాడు ఒక చిన్న ఊరి పాస్టరు. పేరు థియోడార్ ఫ్లీడ్నర్, ఊరు జర్మనీలోని కైజర్‌స్వెర్త్. ఆ ఊరి బట్టల మిల్లు దివాళా తీసి సంఘము పస్తులున్నప్పుడు, చందాల కొరకు ఆయన హాలెండుకు, ఇంగ్లండుకు తిరిగాడు. ఆ ప్రయాణములలో చెరసాలలను, రోగులను చూచువారిని గమనించి, మన సంఘములో ఫీబే వంటి స్త్రీలు ఎక్కడ అని ఆలోచించాడు. 1836లో భార్య ఫ్రీడెరికెతో కలసి చిన్న ఆసుపత్రిని, అందులో రోగుల సేవ నేర్పు డీకనెస్సుల బడిని తెరిచాడు. చందా కొరకు బయలుదేరిన పాస్టరులు అందరు ఇంత తెచ్చుకొందురా అని మాకు కొంచెము అసూయ.

1851లో ఇంగ్లండు నుండి ఒక ధనవంతుల కుమార్తె ఆ బడికి వచ్చి దాదాపు మూడు నెలలు నేర్చుకొని వెళ్ళింది. ఆమెయే ఫ్లారెన్స్ నైటింగేల్. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర తెరచిన బడి నుండి నర్సులు దేశదేశములకు వెళ్ళి తిరిగి బడులు పెట్టారు. ఒక విశేషమేమనగా ఆమె మన దేశమును ఎన్నడూ చూడకపోయినను, మన పల్లెల నీటిని గూర్చి, మురుగును గూర్చి జీవితకాలము వ్రాస్తూనే ఉన్నది. ఆసుపత్రి వార్డు కంటె ఊరి బావి ముఖ్యమని ఆమె గ్రహించింది.

మన తెలుగు నేలకు ఈ పరిచర్య తెచ్చినవారిలో గుంటూరు ఆన్నా కూగ్లరమ్మ మన పాఠకులకు తెలిసినదే. 1883లో లూథరన్ మిషన్ తరఫున వచ్చింది. ఆమె డాక్టరై యుండియు, మొదట వైద్య మిషనరీగా పంపబడలేదు. రెండేండ్ల తరువాత గాని ఆ పేరు రాలేదు. 1898లో గుంటూరులో స్త్రీల ఆసుపత్రి తెరువబడింది. అక్కడ నర్సు విద్య నేర్చినవారు మన పల్లెల ఆడపిల్లలే. నర్సు పనికి మంచి ఇంటి పిల్లలు పోరు అని నలుగురు అనుకొను కాలములో మన కుటుంబములు పంపినవి.

వేలూరు సంగతి ఇంకా బాగుగా తెలియును. ముగ్గురు భర్తలు ఒకే రాత్రి వచ్చి తలుపు తట్టుట, మగ డాక్టరును ఇంటిలోనికి రానీయమనుట, తెల్లవారుసరికి ఆ ముగ్గురు స్త్రీలు చనిపోవుట, ఐడా స్కడ్డర్ జీవితము మలుపు తిరుగుట ఇవన్నియు సండేస్కూలులో విన్నవే. అయితే ఆ కథలో మనము గమనించనిది ఒకటున్నది. ఆ ముగ్గురు కాన్పు కష్టముతో చనిపోయారు. ఐడా 1909లోనే నర్సుల బడి ఆరంభించింది. స్త్రీల వైద్య పాఠశాల వచ్చినది 1918లో. డాక్టర్ల బడి కంటె నర్సుల బడి తొమ్మిదేండ్లు పెద్దది. 1946లో నర్సింగులో డిగ్రీ చదువు మన దేశములో ఢిల్లీలోను, వేలూరులోను మొదలైనది. అదే సంవత్సరము భోర్ కమిటీ ఇచ్చిన నివేదికలో దేశమంతటికి ఉన్న నర్సులు సుమారు 7 వేలు, అనగా 43 వేల మందికి ఒకరు. వారిలో అధిక సంఖ్యాకులు మిషన్ ఆసుపత్రులలో నేర్చిన క్రైస్తవ స్త్రీలు.

ఈ పని క్రైస్తవుల సొత్తు అని గొప్ప చెప్పుకొనరాదు. మా వీధులకు సమీపముననే విద్యానగర్‌లో ఆంధ్ర మహిళా సభ ఉన్నది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు స్థాపించిన ఆ సంస్థ ఆసుపత్రితో పాటు నర్సింగు విద్యను కూడ నడిపింది. దీపము ఎవరు వెలిగించినా ఇల్లు వెలుగును.

బోధకుని కుమారుడు

అంతర్జాతీయ ఆరోగ్య నాయకత్వము అన్న మాట ఈ రోజులలో నర్సింగు కళాశాలల గోడల మీద పెద్ద అక్షరములతో కనబడుచున్నది. అది విమానము ఎక్కుట అని మనవారు అర్థము చేసికొనుచున్నారు. మేము వేరొక అర్థము చెప్పుదము.

హాఫ్డాన్ మాలర్ అను డేనిష్ వైద్యుడు 1951లో మన దేశమునకు వచ్చి దాదాపు పదేండ్లు క్షయరోగ నివారణలో పని చేశాడు. ఆయన తండ్రి బాప్టిస్టు బోధకుడు. పల్లెలో ఉన్న రోగి పట్నపు ఆసుపత్రికి రాలేడు, వైద్యమే అతని గుమ్మము దగ్గరకు పోవలెనని ఇక్కడ కండ్లారా చూచాడు. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు డైరెక్టర్ జనరల్ అయి 1988 వరకు ఉన్నాడు. 1968లో జెనీవాలో ఆరంభమైన సంఘముల వైద్య కమిషను కూడ అవే తలంపులతో పని చేయుచుండెను. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970 నుండి డాక్టర్ ఆరోలే దంపతులు, వేలూరులో చదివినవారే, చదువురాని పల్లె స్త్రీలను ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దుచుండిరి. వారి వెంట నర్సులు ఊరూరు తిరిగి నేర్పేవారు. ఈ అనుభవములన్నియు చేరి 1978 సెప్టెంబరులో ఆల్మా ఆటా ప్రకటన వచ్చింది. ప్రాథమిక ఆరోగ్యము ప్రతివానికి అందవలెనని, అది తాను నివసించు చోటనే అందవలెనని ప్రపంచ దేశములు అక్కడ ఒప్పుకొన్నవి. ఇందులో జెనీవా నేర్పినది ఎంతయో, పల్లె నేర్పినది అంతకంటె ఎక్కువ. నాయకత్వమన్నది ఆ విధముగా క్రిందినుండి పైకి పోయినది.

ఇప్పటికీ ప్రపంచమునకు ఆ కొరత తీరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదికలో నర్సులు 2 కోట్ల 98 లక్షల మంది ఉన్నారు, ఇంకా 58 లక్షల మంది కావలెను. మిడ్‌వైఫ్‌ల కొరత 9 లక్షలని 2021లో మరొక నివేదిక చెప్పింది. ప్రతి ఏడుగురు నర్సులలో ఒకరు తాము పుట్టని దేశములో పని చేయుచున్నారు.

ప్రార్థన చీటీలు

అశోక్‌నగర్ సంగతి తెలియని పల్లె ఇప్పుడు లేదు. గ్రూపు పరీక్షలకు చదువుకొను పిల్లలతో హాస్టళ్ళు నిండియుండును. చిక్కడపల్లి గ్రంథాలయములో కుర్చీ దొరకవలెనంటే తెల్లవారకముందే పోవలెను. వీరిలో నర్సు పిల్లలు కూడ ఉందురు. తెలంగాణ ప్రభుత్వము స్టాఫ్ నర్సు ఉద్యోగములకు 2022 డిసెంబరులో ప్రకటన ఇచ్చినప్పుడు మా ఆదివారపు ప్రార్థన చీటీలలో సగము ఆ పరీక్షవే. 2023 ఆగస్టులో పరీక్ష జరిగింది. 2024 జనవరి 31న ఎల్.బి. స్టేడియములో దాదాపు 7 వేల మందికి నియామక పత్రములు ఇచ్చారు. మిగిలిన సగము చీటీలు ఎప్పుడును వీసా చీటీలే. గల్ఫు, ఐర్లండు, బ్రిటన్, జర్మనీ.

వీసా కొరకు మేము మనస్ఫూర్తిగా ప్రార్థించుచున్నాము. ఆ జీతముతో చెల్లెలి పెండ్లి అయినది, తండ్రి అప్పు తీరినది, ఎన్నో పల్లె మందిరములకు రేకులు తీసి స్లాబు పడినది. పరదేశములో వృద్ధులను కడిగి తుడుచు పని తక్కువదనువాడు ఆ పని ఒక్క రాత్రి చేసి చూడవలెను. మా బాధ ఒక్కటే. నర్సు చదువు చదివించు తల్లిదండ్రులు మొదటి రోజుననే, "ఎప్పుడు పంపుతారు?" అని అడుగుచున్నారు. ఏమి నేర్పుదురు అని అడుగుట లేదు. ఆ కారణముగా రోగి ముఖము చూడకనే సర్టిఫికెటు ఇచ్చు కాలేజీలు పుట్టగొడుగులవలె లేచినవి. అక్కడ చదివిన పిల్ల పైదేశములో నిలువలేదు, ఇక్కడా నిలువలేదు.

ఇక్కడ నిలుచుటకు ఇప్పుడు చోటు ఉన్నది. 2018 తరువాత దేశములో ఉపకేంద్రములను ఆరోగ్య కేంద్రములుగా మార్చి, బి.ఎస్సీ. నర్సింగు చదివి ప్రత్యేక శిక్షణ పొందినవారిని వాటికి బాధ్యులుగా పెట్టుట ఆరంభమైనది. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ క్లినిక్‌లను నడుపుచున్నది ఎక్కువగా అట్టి నర్సులే. తెలంగాణ పల్లె దవాఖానాలలో కూడ వారున్నారు. బి.పి., షుగరు చూచుట, గర్భిణీ స్త్రీలను పరీక్షించుట, ఎవరిని పెద్దాసుపత్రికి పంపవలెనో తీర్మానించుట వారి పని. ఒక ఊరి ఆరోగ్యమంతయు ఇరువది నాలుగేండ్ల పిల్ల తీర్మానము మీద ఆధారపడియున్నది. జీతము తక్కువ, కొన్నిచోట్ల కాంట్రాక్టు, క్వార్టరు ఉండదు, రాత్రి తలుపు తట్టువారు ఉందురు. ఆమె మన ఊరికి వచ్చినప్పుడు సంఘ పెద్దలు ఒక మంచి అద్దె గది చూపించినా అది పరిచర్యయే. మేమెరిగిన ఒక పల్లెలో పాస్టరమ్మగారు ప్రతి బుధవారము స్త్రీల కూడికకు ఆ నర్సమ్మను పిలిచి, పది నిమిషములు గర్భిణులతో మాట్లాడించుచున్నది. నొప్పులు వచ్చినప్పుడు ఎప్పుడు బయలుదేరవలెను, ఎవరు వెంట పోవలెను, ఆసుపత్రిలో ఏమి అడగవలెను, ఇవి అక్కడ చెప్పుచున్నది. పాట, ప్రార్థన తరువాత ఆ పది నిమిషములకే స్త్రీలు ఎక్కువ శ్రద్ధగా వినుచున్నారని పాస్టరుగారు కొంచెము చిన్నబుచ్చుకొన్నారు.

ఇక బడి ఎంచుకొనుట. ఇంటర్మీడియట్ చదివిన అమ్మాయికి ఏ.ఎన్.ఎం., జి.ఎన్.ఎం., బి.ఎస్సీ. నర్సింగు అను మూడు మార్గములున్నవి. బి.ఎస్సీ.కి సైన్సు కావలెను, నాలుగేండ్లు. జి.ఎన్.ఎం. మూడేండ్లు, ఏ.ఎన్.ఎం. రెండేండ్లు. మిడ్‌వైఫరీ ప్రాక్టీషనర్ శిక్షణ వీటి తరువాతిది. జి.ఎన్.ఎం. గాని బి.ఎస్సీ. గాని చదివి, కాన్పు గదిలో పని చేసిన అనుభవము గలవారికి అది. కళాశాలకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదో లేదో ముందు చూడవలెను. తరువాత, స్వంత ఆసుపత్రి ఉన్నదా, అందులో రోగులు ఉన్నారా, విద్యార్థినులు కాన్పులు ఎక్కడ నేర్చుకొందురు, పల్లె పోస్టింగు ఎన్ని వారములు అని అడగవలెను. బస్సు, బిల్డింగు, ఏ.సి. హాస్టలు చూచి ఫీజు కట్టవద్దు.

నిరుడు మా సంఘ సభ్యుల బంధువు ఒకాయన నల్లగొండ ప్రాంతపు పల్లె నుండి కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చినప్పుడు మేము కూడ వెళ్ళి ఒక కళాశాల ఆఫీసులో ఈ ప్రశ్నలే అడిగాము. అక్కడి గుమాస్తా కాగితముల మీదినుండి తలయెత్తి, "తమరు పాస్టరుగారా, ఇన్‌స్పెక్షనుకు వచ్చారా?" అన్నాడు. పాస్టరునే అని చెప్పాము. అయితే ఆసుపత్రి చూడనక్కర లేదు, ఫీజు ఇక్కడ కట్టండి అన్నాడు. అక్కడ నుండి లేచి వచ్చి మరొక చోటికి వెళ్ళాము. అక్కడ ప్రిన్సిపాలమ్మ అమ్మాయిని తిన్నగా కాన్పుల వార్డునకు తీసికొనిపోయి, ఒక పెద్ద సిస్టరు ప్రక్కన అరగంట నిలువబెట్టింది. బయటకు వచ్చిన తరువాత అమ్మాయి ముఖము పాలిపోయి ఉన్నది. తండ్రి భయపడి, "ఏమ్మా, వద్దా?" అని అడిగాడు. "వద్దని నేనెప్పుడన్నాను నాయనా" అన్నది. ఫీజు మొదటి చోటి కంటె తక్కువే. పుస్తకములకు, తెల్ల యూనిఫారములకు మా స్త్రీల సమాజము వారు ఇచ్చారు.